పదకొండు సంతకాల బ్లాగు

కొత్తగెడ్డ ఉమ్మడి జల సరఫరా సంస్థకి ఒక బ్లాగు ఉండాలన్న ఆలోచన మేనేజింగ్ డైరెక్టర్ ఛాయాపతి గారికి ఒక పెద్ద హోటల్లో, భోజనాలయ్యాక ఐస్‌క్రీమ్ తింటుండగా వచ్చింది.

అది రెండువేల ఏడో సంవత్సరం. కొత్తగెడ్డకి బ్రాడ్‌బ్యాండు వచ్చి ఏడాది నిండలేదు. కమ్యూనికేషన్ రంగంలో పనిచేసేవాళ్లకి ఇంటర్నెట్లో వస్తున్న కొత్త సాధనాల గురించి చెప్తామని ఎవరో విశాఖపట్నంలో రెండ్రోజుల సదస్సు పెట్టారు. నిజానికి ఆ పిలుపు సంస్థ ప్రజా సంబంధాల అధికారి హైమావతి పేర వచ్చింది. భోజన వసతి వివరాలు చూశాక ఎం.డి. గారు తనే బయల్దేరారు. నోట్సు రాసుకోడానికి ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్లారు.

హైమావతికి నలభై మూడేళ్లు. పదిహేనేళ్లుగా సంస్థ పత్రికా ప్రకటనలన్నీ ఆవిడే రాస్తోంది. "మరమ్మతుల కారణంగా రేపు నీటి సరఫరా ఉండదు. వినియోగదారులు సహకరించగలరు" అన్న రెండు వాక్యాలు ఎన్ని వందలసార్లు రాసిందో ఆవిడకే గుర్తు లేదు. అవి పేపర్లో లోపలి పేజీలో, మూలశంక వైద్యం ప్రకటన కింద పడేవి. ఎవరూ చదివేవారు కాదు. చదవలేదు కాబట్టి సహకరించేవారూ కాదు. అందుకే సదస్సులో బెంగళూరు నుంచి వచ్చిన కన్సల్టెంటు చెప్పిన మాట ఆవిడ మనసులో పడింది.

"బ్లాగంటే బ్రహ్మవిద్యేం కాదండీ. సంస్థ మనిషిలా మాట్లాడటం, అంతే. జనం అడుగుతారు, మీరు జవాబు చెప్తారు. ప్రకటనలా రాయకండి. పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు రాయండి."

హైమావతి ఆ మాట కింద రెండు గీతలు గీసుకుంది. ఎం.డి. గారు ఆ మాట వినలేదు. ఆయన తెర మీది బొమ్మ చూస్తున్నారు. అందులో ఒక ఎర్రగీత కింద మూల నుంచి మొదలై పైకప్పుకేసి ఎగబాకుతోంది.

"ఇది వ్యాఖ్యల సంఖ్య," అన్నాడు కన్సల్టెంటు. "ఎన్ని వ్యాఖ్యలొస్తే సంస్థ అంత బతికున్నట్టు."

తిరుగు ప్రయాణంలో, కారు ఊరి పొలిమేర దాటాక, ఎం.డి. గారు కళ్లు తెరిచారు.

"హైమావతి గారూ, మన సంస్థ బతికుందంటారా?"

"ఉంది సార్."

"ఆధారం?"

ఎం.డి. గారు మళ్లీ కళ్లు మూసుకుని, "సోమవారం సర్క్యులర్ పెడదాం," అన్నారు.

సోమవారం సర్క్యులర్ వచ్చింది. "ప్రజలతో స్వేచ్ఛాయుతమైన, సహజమైన, అప్పటికప్పుడు పుట్టుకొచ్చెడి సంభాషణ నెరపుట సంస్థ విధానముగా నిర్ణయించడమైనది. ఇట్టి సహజత్వమును ముందస్తు అనుమతి లేకుండ ఎవరును ప్రదర్శింపరాదు." సహజత్వం ఏ మోతాదులో ఉందో తేల్చడానికి పదకొండుమందితో ఒక సంఘం వేశారు. దానికి సహజత్వ నిర్ధారణ సంఘం అని పేరు. ఎం.డి. గారు అధ్యక్షులు, లా ఆఫీసర్ పేరిశాస్త్రి గారు కార్యదర్శి, మిగతావాళ్లు ఇంజనీర్లు. బ్లాగులో పెట్టే ప్రతి వాక్యం మీదా పదకొండు సంతకాలూ పడాలి.

అయినా హైమావతి ఉత్సాహం తగ్గలేదు. ఆ రోజే కూర్చుని మొదటి టపా రాసింది.

"నమస్కారం. మీ ఇంటికి నీళ్లు పంపేది మేమే. నీళ్లు రాకపోయినా, మురికిగా వచ్చినా, వేళకి రాకపోయినా ఇక్కడ రాయండి. చదివి జవాబు చెప్తాం."

పేరిశాస్త్రి గారు ఆ కాగితాన్ని కళ్లజోడు పైనుంచి ఒకసారి, లోపల్నుంచి ఒకసారి చదివారు.

"అమ్మా, 'నీళ్లు పంపేది మేమే' అని రాశావు. రేపు ఎవడైనా ఇది పట్టుకుని కోర్టుకెళ్లి నీళ్లడిగితే?"

"మనది నీళ్ల సంస్థే కదండీ."

"అది పేరమ్మా. పేరుకీ హామీకీ చట్టంలో చాలా దూరం ఉంది." ఆయన ఆ వాక్యం కొట్టేశారు. "'చదివి జవాబు చెప్తాం' అన్నావు. చదవకపోతే? పోనీ చదివాం, జవాబు లేదు. అప్పుడో?" దాన్నీ కొట్టేశారు. తరవాత ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అప్పల్నర్సయ్య గారు 'మురికిగా' అన్న మాట తన శాఖ మీద నింద అన్నారు. ఇంకొకాయన 'వేళకి' అన్న మాట ఉంటే వేళ ఒకటి ఉందని జనం అనుకుంటారన్నారు. ఫైలు పంతొమ్మిది రోజులు తిరిగింది.

చివరికి పేరిశాస్త్రి గారు దయతలిచి, "నమస్కారం ఉండనివ్వచ్చు. దానివల్ల సంస్థకి ఏ బాధ్యతా ఏర్పడదు," అన్నారు.

ఇరవయ్యో రోజున సంస్థ బ్లాగు లోకం ముందుకొచ్చింది. "నమస్కారం. ఇట్లు, సంస్థ." కింద 'సహజముగా నున్నది' అన్న రబ్బరు స్టాంపు, పదకొండు సంతకాలు స్కాన్ చేసి పెట్టారు. ఉద్యోగులంతా పదిన్నరలోగా వ్యాఖ్య పెట్టాలని, పెట్టనివాళ్లకి ఆ పూట హాజరు పడదని ఉత్తర్వు వెళ్లింది. పన్నెండింటికి రెండొందల పద్నాలుగు వ్యాఖ్యలొచ్చాయి. అన్నీ "చాలా బాగుంది" అనే. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో ఒక గుమాస్తా "బాగుంది" అని ఊరుకున్నాడు. 'చాలా' ఎందుకు విడిచిపెట్టాడో వివరణ ఇవ్వమని అతనికి మెమో ఇచ్చారు.

రెండొందల పదిహేనో వ్యాఖ్య బయటినుంచి వచ్చింది. సున్నపు వీధిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఖాదర్ వలీ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కూరి, ఇలా రాశాడు: "మీక్కూడా నమస్కారం. మా వీధిలో నీళ్ల పైపు పగిలి పదకొండు రోజులైంది. మా షాపు ముందు చెరువైంది. మీరు ఎప్పుడొస్తారు?"

హైమావతికి ప్రాణం లేచొచ్చింది. ఒక మనిషి అడిగాడు. ఇంక జవాబు చెప్పడమే. "రేపు ఫిట్టర్ని పంపిస్తున్నాం" అని రాసి ఫైలు పైకి పంపింది. ఫైలు తొమ్మిది రోజులు తిరిగి "తమ వ్యాఖ్య అందినది. విషయము పరిశీలనలో నున్నది" అయి కిందికి దిగింది.

ఖాదర్ వలీ అదే నిమిషంలో జవాబు రాశాడు. "పైపు మా పరిశీలనలో కూడా ఉందండీ. వీధంతా రోజూ దాన్నే చూస్తున్నాం."

ఎవరో కాలేజీవాళ్లు ఆ మాట చదివి నవ్వుకుని పదిమందికి పంపారు. ఆ పదిమందీ మరో పదిమందికి పంపారు. మర్నాటి నుంచి కొత్తగెడ్డలో కంప్యూటరున్న ప్రతివాళ్లూ పొద్దున్నే సున్నపు వీధి పైపు సంగతేమిటో చూడ్డం మొదలెట్టారు. ఖాదర్ వలీ రోజూ పూస గుచ్చినట్టు రాసేవాడు. ఇవాళ ఆటో దిగబడిందనీ, బురదలో స్కూలు పిల్లల చెప్పులు మూడు దొరికాయనీ, జతలు కుదరడం లేదనీ. వీధిలో ఆడవాళ్లు వాళ్ల మాటలు కూడా అతనిచేత టైపు చేయించుకునేవాళ్లు. ఎక్కడెక్కడివాళ్లో ఓదార్పులు, ఎగతాళులు, శాపనార్థాలు రాసేవాళ్లు.

ఎం.డి. గారి గదిలో గోడకి పెద్ద గ్రాఫు కాగితం అంటించారు. దానిమీద ఎర్రగీత పైకి పోతోంది. ఆయన రోజుకి రెండుసార్లు దాని ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకునేవారు.

"చూశారా హైమావతి గారూ! ప్రజలు స్పందిస్తున్నారు."

"తిడుతున్నారు సార్."

"తిట్టడం స్పందన కాదా?"

ఆ వారమే రాష్ట్రంలోని సంభాషణ నిపుణుల సమాఖ్య అనేది ఒకటి, ఉత్తమ సంస్థాగత బ్లాగుకి పురస్కారం ఇస్తామని ప్రకటించింది. మార్చి ముప్పయ్యొకటి నాటికి ఏ బ్లాగులో వ్యాఖ్యలు ఎక్కువుంటే దానికే. ఎం.డి. గారు ఆ ఉత్తరాన్ని గ్రాఫు పక్కన అంటించారు.

సరిగ్గా అప్పుడే ఫిట్టర్ గాసయ్య వచ్చిపడ్డాడు. గాసయ్యది ఇరవయ్యారేళ్ల సర్వీసు. ఊళ్లో భూమిలోపల ఏ పైపు ఎటు తిరుగుతుందో అతని కాళ్లకి తెలుసు. సున్నపు వీధి సంగతి ఎవరో చెప్పగా విని, పార, గునపం వేసుకుని తవ్వడానికి వెళ్తుంటే, అప్పల్నర్సయ్య గారు గేటు దగ్గర ఆపి ఎం.డి. గారి గదిలోకి తీసుకెళ్లారు. హైమావతి కూడా అక్కడే ఉంది.

"గాసయ్యా, నువ్వు ఆ పైపు బాగుచేస్తే ఏమవుతుంది?" అని అడిగారు ఎం.డి. గారు, పిల్లాడికి లెక్క చెప్తున్నట్టు.

"లీకు ఆగిపోతాది సార్."

"లీకు ఆగితే?"

"జనాలకి నీళ్లొస్తాయి."

"నీళ్లొస్తే వాళ్లు రాయడం మానేస్తారు. రాయడం మానేస్తే సంభాషణ తెగిపోతుంది. ప్రజలకీ సంస్థకీ మధ్యనున్న ఒకే ఒక్క వంతెన అది. దాన్ని నువ్వు గునపంతో పొడుస్తానంటున్నావు."

"వంతెన నాకు తెల్దు సార్. నాది పైపుల పని."

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. "సున్నపు వీధి యందలి లీకేజీని 'ప్రజా సంభాషణ కేంద్రము'గా గుర్తించడమైనది. దానిని మార్చి 31 వరకు యథాతథ స్థితిలో పరిరక్షింపవలెను. సంస్థ సిబ్బందిలో ఎవరును దానిని మరమ్మతు చేయరాదు." లీకు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, వాచ్‌మన్ని కూర్చోబెట్టారు. 'ఇచ్చట మరమ్మతులు నిషేధము' అని బోర్డు కూడా పెట్టారు.

వీధివాళ్లు సైకిల్ ట్యూబు చీల్చి పైపుకి కట్టుకున్నారు. వాచ్‌మన్ అడ్డుపడలేదు. అతని ఉత్తర్వులో సిబ్బంది గురించే ఉంది, ట్యూబు గురించి లేదు. కానీ రెండ్రోజుల్లో వ్యాఖ్యలు తగ్గాయి. అప్పల్నర్సయ్య గారు జీపులో వెళ్లి, సంస్థ ఆస్తి మీద అనుమతి లేని వస్తువు ఉందని ట్యూబు కోయించి, ఆఫీసుకొచ్చి నివేదిక రాశారు. "లీకేజీ యొక్క పూర్వ ప్రవాహమును పునరుద్ధరించడమైనది."

ఇది చూసి మిగతా ముగ్గురు ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్లకి కడుపు మండింది. ముగ్గురూ కలిసి ఒకే ఉత్తరం మీద సంతకాలు పెట్టారు. "మా డివిజన్లలో సైతం అర్హత గల లీకులు అనేకము గలవు. వానిని మరమ్మతు చేసి మేము ఇన్నాళ్లు నష్టపోతిమి. పక్షపాతము లేకుండ డివిజన్‌కి ఒకటి చొప్పున లీకు మంజూరు చేయ ప్రార్థన." ఎం.డి. గారు ఆ ఉత్తరం మీద 'మంచి ఆలోచన. పరిశీలించండి' అని పచ్చ సిరాతో రాశారు.

హైమావతి ఇవన్నీ టైపు చేస్తూనే ఉంది. మొదట్లో నవ్వొచ్చేది. భోజనాల వేళ పక్క సెక్షన్ ఆవిడకి చెప్పి ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకునేవాళ్లు. పురస్కారం వస్తే తన పేరు కూడా ఎక్కడో ఒక మూల ఉంటుందన్న ఆశ కూడా కొంచెం ఉండేది. ఆ సంగతి పక్క సెక్షన్ ఆవిడకి చెప్పలేదు.

మార్చి పన్నెండున ఖాదర్ వలీ వ్యాఖ్య ఒకటే లైనులో వచ్చింది. అందులో ఎప్పుడూ ఉండే చమత్కారం లేదు.

"మా వీధిలో నలుగురికి పచ్చకామెర్లు. ఇద్దరు పిల్లలు."

హైమావతి ఆ లైను కాగితం మీద అచ్చు తీసి, పైన 'అత్యవసరం' అని రాసి, తనే పట్టుకుని పేరిశాస్త్రి గారి దగ్గరికెళ్లింది.

"ఇవాళే బాగుచేయించాలండీ. నీళ్లు కాచి తాగమని బ్లాగులో పెట్టాలి."

"కాచి తాగమంటే, కాచకుండా తాగితే జబ్బొస్తుందని మనం ఒప్పుకున్నట్టే," అన్నారాయన. "కామెర్లకి కారణాలు వెయ్యి ఉంటాయి. మనమే ఎందుకు చేయెత్తాలి?"

ఆవిడ ఎం.డి. గారి గదికెళ్లింది. ఆయన గ్రాఫు దగ్గర స్టూలెక్కి నిలబడున్నారు. ఎర్రగీత కాగితం పైఅంచు దాటిపోయింది. ఆయన పైన ఇంకో కాగితం అతికిస్తున్నారు.

"ఒక్కరోజులో అరవయ్యొక్కటి! మొన్నటికి మూడు రెట్లు. హైమావతి గారూ, ఆరోగ్య విషయాలకి ఇంత స్పందన ఉంటుందని నేననుకోలేదు."

"సార్, పిల్లలకి జబ్బు చేసింది."

"పాపం," అన్నారు ఎం.డి. గారు నిజంగానే బాధపడుతూ. "త్వరలో తగ్గాలని కోరుకుంటూ మంచి వాక్యం ఒకటి రాయండి. సంఘానికి పెడదాం."

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లకుండా, గాసయ్యని అడిగి అతనితో కలిసి సున్నపు వీధికి వెళ్లింది. రెండు నెలలుగా దాని గురించి టైపు చేస్తోంది గానీ ఆవిడ ఆ వీధి చూడటం అదే మొదలు. మురుగుకాలవ పక్కనే పైపు. నీళ్లు ఉబికి కాలవలో కలుస్తున్నాయి. వాచ్‌మన్ కుర్చీ కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుని, చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నీళ్లొదిలినంతసేపూ ఇలగ బయటికి కారతాది మేడమ్," అన్నాడు గాసయ్య. "ఒదలడం ఆపీసినాక పైపు ఖాళీ అవుతాది సూడండి, అప్పుడు ఈ కాలవలో మురుగు లోపలికి పీల్చుకుంటాది. మర్నాడు పొద్దుట అదే కుళాయిలో వస్తాది."

"బాగుచేయడానికి ఎంతసేపు పడుతుంది?"

"సేసేవోడుంటే మూడు గంటలు." ఆవిడ అడిగినకొద్దీ ఏ వీధి వాల్వు ఎక్కడుందో, ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పుకుంటూ పోయాడు.

ఇడ్లీలమ్ముకునే అచ్చియ్యమ్మ ఇంట్లో పొయ్యి వెలిగించి నాలుగు రోజులైందట. ఆవిడ కూతురు పద్మిని పదో తరగతి. నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకునుంది. పిలిస్తే ఇటు తిరిగింది. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. తలగడ దగ్గర సోషల్ పుస్తకం ఉంది. పరీక్షలు ఇంక పది రోజులే.

అచ్చియ్యమ్మ వచ్చినావిణ్ణి ఎగాదిగా చూసింది. గాసయ్య ఎవరో చెప్పాడు.

"మీరేనా అమ్మా, కంప్యూటర్లో మాకు నమస్కారం పెట్టింది?" అని అడిగింది అచ్చియ్యమ్మ. వెటకారం లేదు, కోపం లేదు. తెలుసుకుందామనే అడిగింది.

హైమావతి "అవును" అంది.

మర్నాడు పదకొండు గంటలకి ఆఫీసులో అందరూ టీలకి లేచారు. బ్లాగు తాళం మాట, అంటే పాస్‌వర్డు, హైమావతికొక్కదానికే తెలుసు. సంతకాలు పెట్టే పదకొండుమందిలో ఒక్కరికీ దాన్నెలా తెరవాలో తెలీదు. ఆవిడ ఫైలు తియ్యలేదు. డ్రాఫ్టు రాయలేదు. నేరుగా టైపు చేసింది.

"సున్నపు వీధి వాళ్లకి.

ఇవాళ్టినుంచి నీళ్లు బాగా మరగకాచి చల్లార్చి తాగండి. పైపు పగిలినచోట మురుగు లోపలికి పోతోంది. జబ్బు దానివల్లే కావచ్చు. పిల్లల్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

మీ వీధి నీళ్లు ఆపే వాల్వు మసీదు గోడకి ఎదురుగా, ఇనప మూత కింద ఉంది. కుడివైపుకి పద్నాలుగు చుట్లు తిప్పితే మూసుకుంటుంది. పైపు ఆరంగుళాలది. పగిలినచోట రబ్బరు చుట్టి, రెండు ముక్కల ఇనప పట్టీ తొడిగి, నాలుగు బోల్టులు బిగించాలి. ఆ పట్టీ మా స్టోర్లో ఇరవై ఉన్నాయి. ఇవ్వడానికి ఉత్తర్వు లేదు. స్టేషన్ రోడ్డు ఇనప సామాన్ల కొట్లలో దొరుకుతుంది.

ఈ మాట రెండు నెలల కిందటే చెప్పాల్సింది. చెప్పనందుకు సిగ్గుగా ఉంది.

హైమావతి."

మీట నొక్కింది. బల్లమీద సీసాలో నీళ్లు సగం తాగింది. తరవాత ఖాదర్ వలీకి ఫోను చేసి, "చూశారా?" అని అడిగింది.

"చూడ్డం ఏంటి మేడమ్ గారూ, అచ్చు తీసి గోడకి అంటించాం. నలుగురు ఇనప కొట్టుకి బయల్దేరారు."

పదకొండున్నరకి గాసయ్య ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో సెలవు చీటీ ఇచ్చాడు. మిగిలిన పూటకి క్యాజువల్ లీవు. కారణం అన్నచోట 'సొంత పని' అని రాయించాడు. పన్నెండింటికి సున్నపు వీధిలో పంచె పైకి కట్టి గోతిలో దిగాడు. వాచ్‌మన్ లేచి ఉత్తర్వు తీసి చదివాడు.

"సిబ్బంది ఎవరూ సెయ్యకూడదని ఉంది గాసయ్యా."

"నానీపూట సెలవులో ఉన్నాను. సిబ్బంది కాదు."

వాచ్‌మన్ ఉత్తర్వు ఇంకోసారి చదివాడు. సెలవులో ఉన్నవాళ్ల గురించి అందులో ఏమీ లేదు. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కుర్చీ పక్కకి లాగి, "బోల్టులు నేనందిస్తాను," అన్నాడు. మసీదు దగ్గర ఖాదర్ వలీ పద్నాలుగు చుట్లూ పైకి లెక్కపెడుతూ తిప్పాడు. మూడింటికి పని అయిపోయి వాల్వు మళ్లీ తెరిచారు. మొదట్లో కాసేపు కుళాయిల్లో నల్లగా వచ్చింది. గాసయ్య చెప్పినట్టు దాన్ని కాలవలోకి వదిలేశారు. నాలుగున్నరకి తేటపడింది. అయినా ఇంకో వారం కాచే తాగమని అతను ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చాడు.

ఎం.డి. గారికి సంగతి తెలిసేసరికి సాయంత్రమైంది. ఆయన అప్పల్నర్సయ్య గారిని పిలిచి, "వెంటనే పూర్వ స్థితికి తీసుకురండి," అన్నారు.

"అంటే, పగలగొట్టాలా సార్?"

"యథాతథ స్థితికి."

"పగిలినదాన్ని కాపాడ్డానికి మనకి ఉత్తర్వుంది సార్. బాగున్నదాన్ని పగలగొట్టాలంటే అంచనా వెయ్యాలి, మంజూరు కావాలి, టెండరు పిలవాలి. ఎంత తొందరపెట్టినా ఏడు వారాలు."

మార్చి ముప్పయ్యొకటికి పద్దెనిమిది రోజులే ఉంది. ఎం.డి. గారు గ్రాఫుకేసి చూశారు. ఆ రోజు బ్లాగులో ఒకే ఒక్క కొత్త వ్యాఖ్య వచ్చింది. ఖాదర్ వలీ రాశాడు. "నీళ్లొస్తున్నాయి. ఇంక రాయడానికేం లేదు. షాపులో పనుంది." మర్నాడు అదీ లేదు. ఎర్రగీత రెండో కాగితం మీదినుంచి జారి, మొదటి కాగితం దాటి, గోడ అడుగున చెక్కపట్టీ దగ్గర ఆగింది.

పురస్కారం పొరుగు జిల్లాలో ఒక రహదారుల సంస్థకి పోయింది. వాళ్లకి ఒక గొయ్యి ఉందట. నాలుగు వేల వ్యాఖ్యలు.

పద్మిని పరీక్షలు రాయలేకపోయింది. ఏప్రిల్లో లేచి తిరిగింది. మిగతా ముగ్గురూ కూడా కోలుకున్నారు.

హైమావతిని సస్పెండు చేసి మూడు అభియోగాలు మోపారు. ఒకటి, సంఘం ధ్రువీకరణ లేకుండా సహజంగా రాయడం. రెండు, సంస్థ సమాచార బ్లాగు ద్వారా ప్రజలకి సమాచారం అందించడం. మూడు, సదరు సమాచారం ప్రజలకి ఉపయోగపడినందున సంస్థకీ ప్రజలకీ మధ్య సంభాషణ ఆగిపోవడం. గాసయ్య మీద కూడా ఏదైనా పెడదామని చూశారు గానీ, అతని సెలవు మంజూరు చేసింది అప్పల్నర్సయ్య గారే. ఆయన ఆ సంతకం చదవకుండా పెట్టానని చెప్పుకోలేక ఊరుకున్నారు.

విచారణకి సన్యాసిరావు గారిని వేశారు. ఆయన ఇదే సంస్థలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. నియమాల పుస్తకం పేజీ నెంబర్లతో సహా కంఠస్థం. మే నెల ఎండలో, ఏ.సి. లేని చిన్నగదిలో, గుమాస్తాని పక్కన కూర్చోబెట్టుకుని, మూడు గంటలపాటు ప్రశ్నలడిగారు.

"సంఘం అనుమతి తీసుకున్నారా?"

"లేదండీ."

"ఈ రాసిందంతా మీరేనా?"

"నేనే. పేరు కూడా పెట్టాను."

"పదిహేనేళ్ల సర్వీసున్న అధికారి. సంస్థ గుట్టు ఇలా బజార్లో పెట్టొచ్చా?"

"వాల్వు బజార్లోనే ఉందండీ. దాని మూత అందరికీ కనపడుతూనే ఉంది. దేనికుందో తెలీదు, అంతే."

"పశ్చాత్తాపం ఉందా?"

"ఉంది," అంది హైమావతి. గుమాస్తా ఆశగా తలెత్తాడు. "రెండు నెలలు ఆలస్యం చేసినందుకు."

సన్యాసిరావు గారు దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాయించారు. ప్రతి పేజీ మీదా ఆవిడ చేత సంతకం పెట్టించారు. తరవాత గుమాస్తాని టీ తెమ్మని పంపి, తలుపు దగ్గరకేసి వచ్చి కూర్చున్నారు. కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. ఏదో అడగబోయి, మానేసి, మళ్లీ తుడుచుకున్నారు.

"మాది ఉప్పుకొట్ల వీధమ్మా," అన్నారు చివరికి, గొంతు బాగా తగ్గించి. "అప్పుడు ఇంజనీర్లడిగిన లీకుల్లో ఒకటి, ఫైలు తిరిగి తిరిగి, మొన్న మంజూరైంది. ఇంటి ఎదురుగానే. మా మనవరాలికి వారం నించి కడుపునొప్పి. అర్జీ పెడదామంటే, నేనే ఈ విచారణలో... బాగుండదు కదా. మా వీధి వాల్వు ఎక్కడుందో మీకు తెలుసా?"

హైమావతి ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసింది. అభియోగ పత్రాన్ని తిరగేసి, వెనక ఖాళీగా ఉన్న వైపు పెన్సిలుతో వీధి గీసింది. గాసయ్య చెప్పినవి గుర్తున్నంతవరకు పోస్టాఫీసు, దాని పక్క సందు, సందు మొగలో ఇనప మూత గుర్తు పెట్టింది. ఎన్ని చుట్లు తిప్పాలో రాసింది. కింద గాసయ్య ఫోన్ నెంబరు వేసింది.

"ఆదివారం అతనికి సెలవేనండీ," అంది. "పాపకి నీళ్లు కాచి ఇవ్వండి."

సన్యాసిరావు గారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకున్నారు. గుమాస్తా టీ తెచ్చేసరికి మళ్లీ కళ్లజోడు పెట్టుకుని నిటారుగా కూర్చునున్నారు.

విచారణ నివేదిక జూన్ నెలలో వచ్చింది. మూడు అభియోగాలూ నిస్సందేహముగా రుజువైనవి అని రాశారు. హైమావతిని ముప్పై మైళ్ల దూరంలో ఉన్న పంపుహౌసుకి బదిలీ చేశారు. అక్కడ ఫోన్ లేదు, కంప్యూటర్ అసలే లేదు. ఉప్పుకొట్ల వీధిలో లీకు మాత్రం ఆ నివేదిక మీద సంతకం పడటానికి మూడు వారాల ముందే ఆగిపోయింది. ఎవరు బాగుచేశారో ఎంత విచారించినా తేలలేదు.